బాగుంటే దగ్గు

మా తమ్ముడి కూతురు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆ పరీక్షల్లో ఇంగ్లీషు మాటలకు అర్థాలూ, వాటికి బదులు వాడే వేరే మాటలూ అడుగుతారట. ఒక ఆదివారం నేను హోసూరు నుంచి మా ఊరికి పోయేసరికి అది వసారాలో కూర్చుని, సెల్లు చూస్తూ ఒక మాటను వల్లె వేస్తోంది. ఆ మాట ‘స్నిఫ్’. ముక్కుతో గాలి లోపలికి లాగి వాసన చూడడం ఒక అర్థం. ఏడుపు ఆపుకునేవాళ్ళు, జలుబు చేసినవాళ్ళు ముక్కు ఎగబీల్చడం ఇంకో అర్థం. ఎవరో దాచిన సంగతిని పసిగట్టడం కూడా అదే మాటట. ఎదుటివాళ్ళు చేసినదాన్ని చూసి ముక్కు విరవడం కూడా అదేనట.

“ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎట్లా గుర్తు పెట్టుకునేది అత్తా?” అని అడిగింది.

“పరీక్షలో కూర్చున్నప్పుడు మీ అవ్వను తలుచుకో. అన్నీ వరసగా వస్తాయి,” అన్నాను.

వాళ్ళ అవ్వ అంటే మా అమ్మ. వంటింటి గడప పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. అక్కడినుంచే “నా మాట ఎత్తకపోతే మీకు తిండి అరగదా?” అంది.

మా వైపు వాసన చూడడాన్ని ‘మూసి చూడడం’ అంటాం. పెద్దల పుస్తకాల్లో ఈ మాట నాకు కనపడలేదు. బడిలో ఒకసారి వ్యాసంలో రాస్తే మా పంతులుగారు ఎర్ర సిరాతో కొట్టేశారు. కానీ మా అమ్మ బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. పాలు, పెరుగు, పిండి, ఉతికిన బట్టలు, ఇంటికొచ్చిన చుట్టాలు, ఆమె మూసి చూడనిది మా ఇంట్లో లేదు. నేను కృష్ణగిరిలో చదువుకునే రోజుల్లో ఒకసారి స్నేహితురాళ్ళతో సినిమాకు పోయి, లైబ్రరీలో ఆలస్యమయిందని అబద్ధం చెప్పాను. ఆమె నా పైట కొంగు పట్టుకుని మూసి చూసి, “మీ లైబ్రరీలో బీడీలు తాగనిస్తారా?” అంది. ఆ రోజుల్లో సినిమా హాల్లో నా వెనక వరసవాళ్ళు తాగిన బీడీలకు నేను తిట్లు తిన్నాను.

మా ఊరు డెంకణికోట దాటినాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. పనసపండును అక్కడ ఎవరూ ఇంట్లో మాగనివ్వరు. ఏనుగు ఎంత దూరం నుంచైనా ఆ వాసన పట్టుకుని వచ్చేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే కోసి కూర వండుకుంటాం, లేకపోతే హోసూరు సంతకు పంపేస్తాం. మా నాన్న ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళతో ఒకటే మాట అనేవాడు. “ఈ ఊళ్ళో పేరుమోసిన ముక్కులు రెండే. ఒకటి ఏనుగుది. అది తిని పోతాది. రెండోది నేను పెండ్లి చేసుకున్నాను.”

ఆ ముక్కుకు తగ్గట్టే ఆమె దగ్గర మాటలు కూడా ఉన్నాయి. అన్నానికి మాడు వాసన, పప్పుకు పచ్చి వాసన, గుడ్డుకు నీచు వాసన, తడి బట్టకు ముక్క వాసన. ఇక అన్నింటికీ పైన గబ్బు. అది ఎక్కువగా మనుషుల గురించి వాడేది. మా వీధిలో తెలుగు, అరవం, కన్నడం మూడూ నడుస్తాయి. మనం ముక్కు మూసుకునే కంపు కన్నడంవాళ్ళకు సువాసనట. అరవంవాళ్ళు ఇప్పుడు దుర్వాసనకు వాడే మాట కూడా ఒకప్పుడు మంచి వాసనకే వాడేవాళ్ళట. ఇది నేను చెబితే మా అమ్మ ఆశ్చర్యపోలేదు. “ముందు అన్నీ మంచి వాసనలే. మనుషులు చేరినాక చెడిపోయినాయి,” అంది.

ఇంట్లోవాళ్ళు ప్రయాణం కడితే వాళ్ళ నడినెత్తి మూసి చూసి పంపడం ఆమె అలవాటు. తిరిగి వచ్చినాక మళ్ళీ చూస్తుంది. నా తల, తమ్ముడి తల, మనవరాలి తల ఆమె ముందు వంగనిదే మా ఇంట్లో ఎవరి ప్రయాణమూ మొదలు కాదు. మా తమ్ముడి భార్య తల మాత్రం ఎన్నడూ వంగలేదు, ఆమె వంచమనలేదు. “దాని నెత్తి మూసి చూడడానికి వాళ్ళమ్మ లేదా?” అనేది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట మారలేదు.

అత్తాకోడళ్ళ యుద్ధం అంతా వంటింట్లోనే. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆ ముక్కాలి పీట మీద కూర్చుని ముక్కుతోనే వంటిల్లు ఏలేది. పోపులో ఇంగువ తక్కువయింది అనేది. ఉలవలు అడుగంటుతున్నాయి అనేది. మా మరదలు నోటితో జవాబు చెప్పదు. గిన్నెలతో చెబుతుంది. మా తమ్ముడు మధ్యలో ఉండలేక ఆ వేళకు చేని దగ్గరికి పోతాడు. మా ఊళ్ళో చేను బాగా పండించే రైతు అని అతనికి పేరు రావడానికి కారణం అదే.

ఆ ఆదివారం నేను హోసూరు నుంచి కాఫీ పొడి తెచ్చాను. అప్పుడే ఆడించిన పొడి. మామూలుగా అయితే నేను సంచిలోంచి తీయకముందే చికోరీ ఎంత కలిపాడో చెప్పి, ఆ అంగడివాడి వంశాన్ని నాలుగు మాటలని, ఆ తర్వాతే నన్ను కూర్చోమంటుంది. ఆ రోజు పొట్లం చేతిలో పెడితే ఒళ్ళో పెట్టుకుని, “బాగుండాది,” అంది. అంతే.

మా అమ్మ నోట ‘బాగుంది’ అనే మాట తిట్లు లేకుండా ఒంటరిగా రావడం నేనెన్నడూ వినలేదు. పశువుల కొట్టం వెనక్కి పిలుచుకుపోయి, పేడకుప్ప పక్కన నిలబెట్టి అడిగాను.

“ఏమే, ఈడికి ఎందుకు తెచ్చినావు?” అంది.

“ఈడ వాసన ఎట్లా ఉండాది?”

పేడకుప్పను చూసింది. తర్వాత నన్ను చూసింది. “జ్వరమొచ్చి పోయినాక ముక్కు చచ్చిపోయిందే,” అంది. “డెంకణికోటలో బీపీ మాత్రలకు పోయినప్పుడు డాక్టరును అడిగినాను. కొందరికి తిరిగి వస్తాదంట, కొందరికి రాదంట. నేను ఏ కొందరో ఆయనకూ తెలీదు.”

“ఇంట్లో చెప్పలేదా?”

“చెప్పి? నా కాళ్ళు పోయినాయి. కండ్లు సగం పోయినాయి. ఈ ఇంట్లో నాకు మిగిలిన ఉద్యోగం ఈ ముక్కొకటే. అదీ పోయిందని నా కోడలికి తెలిస్తే, ఆ పీట తీసి అటక మీద పెడుతుంది. నన్ను వసారాలో చాప మీద కూర్చోబెట్టి, ఏళకింత కూడు పెడుతుంది. మంచిగానే పెడుతుందిలే. కానీ పొయ్యి దగ్గర నా మాటకు ఇంక విలువేముండాది?”

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాకే వచ్చాయి. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ వచ్చే ఆదివారం మేమందరం బర్గూరు పోవాలి. మా తమ్ముడి కూతురికి అక్కడ సంబంధం కుదిరేటట్టుంది. పిల్లాడి వాళ్ళు ఒకప్పుడు రైతులే, ఇప్పుడు గ్రానైటు వ్యాపారం. పిల్లా పిల్లాడూ ఫోన్లలో మాట్లాడుకుని ఒకరికొకరు నచ్చేశారు. ఇంక మిగిలింది ఇల్లు చూడడమే. మా కుటుంబాల్లో ఇల్లు చూడడమంటే గోడలు చూడడం కాదు. పిల్ల వైపు ఆడవాళ్ళలో అందరికంటే పెద్దామె ఎవరుంటే ఆమెను పిల్లాడి తల్లి వంటింట్లోకి పిలుచుకుపోయి, నేతి డబ్బా మూత తీసి చేతికిస్తుంది. ఆమె మూసి చూసి మాట చెబుతుంది. నెయ్యి ఎట్లా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళ పొందిక అట్లా ఉంటుందని లెక్క. పెద్దామె ముక్కు విరిస్తే సంబంధం అక్కడే ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఇంకో మాట చెప్పాలి. మా అమ్మ చేతిలోనే ఆగిపోయినవి వాటిలో కొన్ని.

“ఈసారికి నేను మూసి చూస్తానులే,” అన్నాను.

“నేను బతికుండంగా నువ్వు ఎట్లా చూస్తావు?” అని కసిరింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు నా పక్కన నిలబడు. నాకు సైగ చెయ్యి. బాగుంటే దగ్గు. బాగలేకుంటే గమ్మున ఉండు,” అంది.

“బాగలేకుంటే దగ్గితే మేలు కదా?”

“లోకంలో బాగలేనివే ఎక్కువ. దగ్గి దగ్గి చస్తావు.”

ఆ వారమంతా నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండిపోయాను. అమ్మకు సాయంగా ఉంటానని తమ్ముడితో చెప్పాను. ఇద్దరం దొంగల్లాగా సాధన చేశాం. మజ్జిగ గ్లాసు, సాంబారు గిన్నె, ఉతికిన దుప్పటి, ఏది ఆమె ముందుకు వచ్చినా నేను పక్కన నిలబడి దగ్గడమో, మానడమో. మా అమ్మ నటన చూస్తే నాకు ముచ్చటేసింది. నేను దగ్గకపోతే, గ్లాసు ముక్కు దాకా తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి పక్కన పెట్టేది. ముక్కు ఉన్న రోజుల్లో కూడా ఆ నిట్టూర్పు అంత బాగా కుదరలేదు.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. “అక్కా, దీనికి ఏమో అయింది,” అన్నాడు భార్య గురించి. “ఈ మధ్య వంటింట్లో ఒకతే నిలబడుకుని మాట్లాడతా ఉండాది. పాలు పొంగేటట్టుండాయి అంటాది. తాలింపు మాడే వాసన వస్తా ఉండాది అంటాది. ఎవరితో చెబుతా ఉండావు అంటే, నీతో కాదులే అంటాది.”

వంటింట్లో ఒంటరిగా పనిచేసే ఆడవాళ్ళు గోడలతో మాట్లాడడం వింత కాదు, గమ్మున ఉండప్పా అన్నాను. అంతకంటే లోతుగా ఆలోచించే తీరిక నాకు లేదు. నా దగ్గు సంగతి నాకు చాలినంత ఉంది.

బర్గూరు పోయే రోజు తమ్ముడు కారు నడిపాడు. పిల్ల ముందు కూర్చుంది, మేం ముగ్గురం వెనక. మామిడికాయల కాలం. కృష్ణగిరి దగ్గరకొచ్చేసరికి రోడ్డంతా మామిడి లారీలే. ఇక్కడ దగ్గి అమ్మకు తెలియజేద్దామా అని నేను ఆలోచిస్తుండగానే మా మరదలు కిటికీ అద్దం దించి, “మామిడిపండ్ల వాసన గుప్పుమంటా ఉండాది,” అని ఎవరికో అన్నట్టు అంది.

“గుప్పుమనక? మందు పెట్టి మాగేసినారు. చెట్టున మాగిన కాయ ఇట్లా అరవదు,” అంది మా అమ్మ వెంటనే.

దొరికిన ఒక్క దారప్పోగుతో చీరంతా నేసేసింది. ఇంతటి నటికి నేనెందుకు, నా దగ్గెందుకు అనుకున్నాను.

పిల్లాడి ఇంట్లో నేలా, గోడలూ, మెట్లూ అన్నీ నల్ల గ్రానైటు. మన ముఖం మనకు కనిపించేటంత నునుపు. పిల్లాడి తల్లి మంచి మనిషి. అయితే మా అమ్మ వైపు చూసినప్పుడల్లా భయంగా కొంగు సర్దుకుంటోంది. మా అమ్మ పేరు బర్గూరు దాకా పాకిందని అప్పుడు అర్థమైంది. కాఫీలు, మురుకులు అయ్యాక, “లోపలికి రాండమ్మా,” అని మమ్మల్ని వంటింట్లోకి పిలుచుకుపోయింది. మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఒక పక్కన, మా మరదలు ఒక పక్కన నిలబడ్డాం. ఆమె షెల్ఫులోంచి స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, మా అమ్మ చేతిలో పెట్టింది.

అది నెయ్యి కాదు. నెయ్యికి జరగగూడనిదంతా జరిగిపోయిన పదార్థం. ముక్కిపోయి, పులిసి, పాత బట్టల పెట్టె వాసన కలిసి వచ్చి నా గొంతులో పడింది. పడగానే నాకు పొర పోయి దగ్గు తన్నుకొచ్చింది. ఆపుకుందామని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎంత ఆపితే అంత ఎక్కువయింది. కళ్ళల్లో నీళ్ళు కారేదాకా దగ్గాను.

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను అంత గట్టిగా దగ్గితే అది మామూలు నెయ్యి కాదని ఆమె లెక్కగట్టింది. డబ్బాను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుని, ప్రాణం లేచి వచ్చేటట్టు లోపలికి పీల్చి, తీర్పు చెప్పింది.

“ఇదమ్మా నెయ్యంటే. ఇంటి వెన్న. కాంచేటప్పుడు మునగాకు వేసినారు. ఈ కాలంలో ఇట్లాంటి నెయ్యి నేను యాడా చూడలేదు.”

పిల్లాడి తల్లి ముందు సంతోషపడింది. ఆ తర్వాత వాసన ఆమెకు కూడా చేరింది. డబ్బా వైపు చూసింది. షెల్ఫులో అచ్చం అట్లాంటిదే ఇంకో డబ్బా ఉంది, దానివైపు చూసింది. చుట్టాల కోసం కాచిన కొత్త నెయ్యి షెల్ఫులోనే ఉండిపోయింది. పాతబడి, దేవుడి దీపానికని పక్కన పెట్టింది మా అమ్మ చేతిలోకి వచ్చింది. మా అమ్మ తన తీర్పు ఎందుకు ఎవరికీ వినపడనట్టుందో అర్థం కాక నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడామె డబ్బాను ఒళ్ళోకి దించి తల వంచుకుంది. మా అమ్మ తల వంచుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు మా మరదలు నోరు తెరిచింది.

“మా అత్త ఎప్పుడూ ఇంతేనమ్మా,” అంది పిల్లాడి తల్లితో, చాలా మామూలుగా. “మీరు తొందరలో డబ్బా మార్చి తెచ్చినారని మూత తీసినప్పుడే ఆమెకు తెలిసిపోయింటాది. అయినా నోరు తెరిచి చెప్పదు. ఎదుటివాళ్ళ మొగం చిన్నబోతే ఆమె చూడలేదు. ఇరవై ఏండ్ల పైన నేను ఆమె దగ్గర కాపురం చేస్తా ఉండా. నా వంటలో ఒక్కనాడు వంక పెట్టలేదు.”

నాకు రెండోసారి పొర పోయింది.

పిల్లాడి తల్లి మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “ఇంత పెద్ద మనసు నేను చూడలేదమ్మా. మీ ఇంటి పిల్ల మా ఇంటికొస్తే మా అదృష్టం,” అంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, మా అమ్మ ఎప్పుడూ కింద పడి ఉండే మనిషి కాదు. రెప్పపాటులో కుర్చీలో నిటారుగా కూర్చుంది. “పోనీలేమ్మా,” అంది. “నెయ్యిదేముండాది? మనుషులు ముక్కిపోకుండా ఉంటే చాలు.” సంబంధం ఆ మాటతో ఖాయమయింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో టీకి ఆగితే మా అమ్మ కారు దిగనంది. నేనూ మా మరదలూ అంగడి పక్కన నిలబడ్డాం.

“నీకు ఎప్పుడు తెలిసింది?” అన్నాను.

“జ్వరం పోయినాకనే వదినా. ఒకనాడు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయినాను. మాడి బొగ్గయినాయి. ఇల్లంతా కమురు కంపు. వచ్చి చూస్తే అత్త అదే పీట మీద కూచుని నిమ్మళంగా ఆకుకూర ఒలుస్తా ఉండాది. తిట్టలేదు. నాకు భయమేసింది. పాలు మాడినందుకు కాదు, ఆమె తిట్టనందుకు.”

“అందుకేనా నీలో నువ్వు మాట్లాడుకునేది?”

“ఏం చేసేది? ముందుగా నేను వాసన చెబితే, ఆమె దాన్ని పట్టుకుని నన్ను తిట్టేది. పొద్దుకు నాలుగు తిట్లు పడకపోతే ఆమెకు పొద్దుపోదు.” టీ గ్లాసు కింద పెట్టి, “నాకూ పొద్దుపోదు,” అంది.

ఈ వారమంతా మా అమ్మకు ముక్కు నేనే అనుకున్నాను. నేను దగ్గింది ఆ ఒక్క వారమే. మిగిలిన రోజులన్నీ గిన్నెలు మోగించే ఈ మనిషే మోసుకొచ్చింది. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పుట్టింది. ఆ మాటే ఆమెతో అన్నాను. “టీ చల్లారిపోతాది, తాగండి,” అంది.

మరుసటి పొద్దున నేను హోసూరుకు బయలుదేరాను. నిశ్చితార్థం చీరలకని మా మరదలు కూడా నాతో వస్తోంది. అప్పుడే శీకాయతో తలంటుకుంది. తడి ఆరలేదని నూనె కూడా పూయకుండా జుట్టు వదులుగా ముడేసుకుంది. మా అమ్మ పీట మీదే ఉంది. ఎప్పటిలాగే నేను పోయి తల వంచాను. మూసి చూసి, “అదే వాసన,” అంది. ఎంత ధైర్యంగా అబద్ధం చెబుతుందో చూడండి.

మా మరదలు సంచి తీసుకుని, ఎప్పటిలాగే ఆమెను దాటి గుమ్మం వైపు పోతోంది.

“ఏయ్, ఇట్లా రా,” అంది మా అమ్మ.

ఆమె ఆగింది. నన్ను చూసింది. పోయి, అలవాటు లేని మనిషి కాబట్టి కాస్త ఎక్కువే వంగింది. మా అమ్మ రెండు చేతులతో ఆ తల పట్టుకుని, నడినెత్తిన ముక్కు ఆనించి, నా తల దగ్గర ఎన్నడూ ఉండనంతసేపు ఉంది.

“ఏం నూనె పూసినావే? గబ్బు కొడతా ఉండాది,” అంది.

“ఆముదం అత్తా,” అంది మా మరదలు తల ఎత్తకుండానే.

“అదే అనుకొంటి,” అంది మా అమ్మ.

బస్సులో మా మరదలు కిటికీ పక్కన కూర్చుంది. డెంకణికోట దాటేదాకా బయటికే చూస్తూ, మధ్యమధ్యలో ముక్కు ఎగబీలుస్తూ ఉంది. జలుబు చేసిందా అని నేను అడగలేదు.